కుడిపక్క వంత

వరిగడ్డి మంట మీద మేకతోలు వెచ్చబడుతుంటే ఒక వాసన వస్తుంది. ఎండలో ఆరిన చెప్పుల వాసనకి కాస్త మసి, కాస్త ఆముదం కలిపితే ఎలా ఉంటుందో అలా. మొన్న పాత ఇంటి అటక దులుపుతుంటే అంచు పగిలిన మట్టి గుమ్మెట, బుర్రకథలో వాయించేది, ఒకటి బయటపడింది. తోలు కొయ్యబారిపోయింది. దాన్ని ఎండలో పెట్టిన అరగంటకి అదే వాసన.

గుంటూరు, తెనాలి వైపు పెరిగిన వాళ్ళకి ఆ వాసన అంటే బుర్రకథ. సంక్రాంతికీ దసరాకీ కథలుండేవి, నిజమే. కానీ ఊరు ఊరంతా చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నది మాత్రం ఎన్నికల ముందు రాత్రుల్లోనే.

*

బుర్రకథకి ముగ్గురు. నడుమ కథకుడు. భుజాన తంబుర, బొటనవేలికి ఒక అందె, వేళ్ళకి ఇంకో అందె, కాళ్ళకి గజ్జెలు, తలపాగాకి తురాయి. అందెలు బోలుగా ఉంటాయి, లోపల చిన్న గుళ్ళుంటాయి. రెండూ తగిలిస్తే తాళమూ పడుతుంది, గలగలా వినిపిస్తుంది. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. గుమ్మెటనే కొందరు డక్కీ అంటారు, బుడిగె అని కూడా అంటారు. ఎడమపక్క వంత హాస్యం చెబుతాడు. కుడిపక్క వంత రాజకీయం చెబుతాడు.

ఈ "రాజకీయం" అనే మాట ఇవాళ్టి అర్థంలో వాడింది కాదు. లోకం పోకడ తెలిసినవాడు, నడుస్తున్న సంగతులు కథకి ముడిపెట్టేవాడు అని అర్థం. జంగం కథ నుంచి వచ్చిన ఈ కళని 1943లో పుట్టిన కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి చేతబట్టాక ఆ కుడిపక్క చోటుకి బలం వచ్చింది. పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గొంతులో అది రాష్ట్రమంతా తిరిగింది. మోటూరు ఉదయం లాంటి వాళ్ళు ఆడవాళ్ళ దళం కట్టి చెప్పారు. ఆ రోజుల్లో ఆడపిల్ల తంబుర భుజాన వేసుకుని నడివీధిలో నిలబడటం చిన్న సంగతి కాదు. అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం రెండూ బుర్రకథని నిషేధించాయంటే ముగ్గురు మనుషులు, రెండు మట్టి వాయిద్యాలు ఎంత గుబులు పుట్టించాయో ఊహించుకోవచ్చు. అదే కళ తర్వాత అన్ని పార్టీల చేతుల్లోకీ వెళ్ళింది. కుటుంబ నియంత్రణ ప్రచారానికి సర్కారూ వాడుకుంది. నాజర్‌కి 1986లో పద్మశ్రీ ఇచ్చింది.

*

గుమ్మెట వెచ్చబెట్టడం ఒక పని. కథ మొదలయ్యే ముందు పందిరి వెనక గుప్పెడు వరిగడ్డి అంటించేవారు. బొగ్గులు వాడకూడదు. బొగ్గు వేడి ఒకేచోట కూర్చుని తోలు నడుమ కాలుతుంది, అంచు చల్లగానే ఉంటుంది. గడ్డిమంట పైకి లేచి చెదురుతుంది కనుక తోలంతా సమంగా బిగుస్తుంది. జానెడు ఎత్తున పట్టుకుని కుమ్మరిసారె తిప్పినట్టు తిప్పుతూ ఉండాలి. మధ్యమధ్యలో చూపుడువేలితో అంచు మీద మీటి చూస్తారు. "దబ్" అంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. "ణంగ్" అని తేలితే చాలు. ఇంకా బిగించాలని ఆశపడితే అంచు దగ్గర సన్నగా చీలుతుంది. ఆ చీలికకి మందు లేదు, కొత్త తోలు మూయించాల్సిందే.

పుష్యమాసం మంచులో గంటకోసారి మళ్ళీ వెచ్చబెట్టాలి. అందుకే హాస్యం సాగుతున్నప్పుడు రాజకీయం చెప్పే ఆయన వెనక్కి వెళ్ళి తన గుమ్మెట కాచుకుని వచ్చేవాడు. రోహిణికార్తెలో దీనికి ఎదురు. తోలు మరీ బిగిసిపోతుంది, తడిగుడ్డతో ఒక్కసారి తుడవాలి. గుమ్మెటకి రెండో పక్క తోలుండదు, చిన్న మూతి ఉంటుంది. కుడిచేత్తో తోలు వాయిస్తూ ఎడమ అరచేత్తో ఆ మూతి మూస్తూ తెరుస్తూ ఉంటే "గుమ్... గుమ్" అని నాదం లోతుగా వంగుతుంది. ఆ వంపు కోసమే మట్టిది. తర్వాత వచ్చిన ఇత్తడి, రాగి వాయిద్యాలు పగలవు, మొయ్యడానికి మంచివి. కానీ ఆ వంపు వాటిలో అంత మెత్తగా పలకదు.

కథకుడి గొంతుకి కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం, మిరియాల కషాయం తాగడం ఉండేవి. కథ ఉన్న రోజు సాయంత్రం పెరుగు ముట్టేవాడు కాదు. మైకులు రాకముందు ఊరి చివర అరుగు దాకా వినపడాలి కనుక నాలుగు శృతి, ఐదు శృతి ఎత్తుకునేవారు. మైకు వచ్చాక రెండుకీ ఒకటిన్నరకీ దిగారు. గొంతులు ఎక్కువ ఏళ్ళు నిలిచాయి. పాటలో ఉన్న ఆ పదును మటుకు తగ్గింది. ఈ మాట పాత శ్రోతలు ఎవరిని అడిగినా చెబుతారు.

*

వెలుతురు పెట్రోమాక్స్ లైటుది. స్పిరిటు పోసి ముందు గొట్టం వేడెక్కించాలి. గొట్టం వేడెక్కకముందే పంపు కొడితే కిరసనాయిలు ఆవిరి కాక మంట ఎర్రగా లేచి గాజు మసిబారుతుంది. మాంటిల్, అంటే లోపల వెలిగే గుడ్డవల, ఒకసారి వెలిగిందంటే మిగిలేది బూడిద గూడే. పురుగు గట్టిగా తగిలినా రాలిపోతుంది. అందుకే లైటు పక్కన వేపకొమ్మ కట్టేవారు, సంచిలో రెండు మాంటిళ్ళు అదనంగా ఉంచేవారు. ఆ "స్‌స్‌స్" అనే చప్పుడు కథంతటికీ శృతిలా ఉండేది. లోపల గాలి తగ్గితే వెలుతురూ ఆ చప్పుడూ ఒకేసారి సన్నగిల్లేవి, మళ్ళీ పంపు కొట్టాల్సి వచ్చేది.

తర్వాత కారు బ్యాటరీతో నడిచే యాంప్లిఫయరు, రెండు బాకా మైకులు వచ్చాయి. ముగ్గురికీ కలిపి నిలువు మైకు ఒక్కటే. బాకాల్ని మైకు వెనక కడితే కూత పెడుతుంది కనుక పది అడుగులు ముందుకి, జనం మీదకి తిప్పి వెదురుకి కట్టేవారు. అందెల చప్పుడు మైకుకి దగ్గరైతే చెవులు చిల్లులు పడతాయి. కథకుడు ఆ చేతిని నడుము దగ్గరే ఆడించడం నేర్చుకున్నాడు. మూడడుగులు ముందుకి, మూడడుగులు వెనక్కి వేసే ఆ నడకలో ఎవరి మాట వచ్చినప్పుడు వాళ్ళు మైకు దగ్గరికి చేరేవారు.

*

దళం ఊళ్ళోకి మధ్యాహ్నం మూడింటికే దిగేది. కథకుడు పడుకునేవాడు. హాస్యం చెప్పే ఆయన పిల్లల్ని పోగేసుకునేవాడు. కుడిపక్క వంతకి అసలు పని అప్పుడు మొదలయ్యేది.

ముందు టీకొట్టు. తర్వాత కాలువ గట్టు. తర్వాత బడి. ఆఖరున రామాలయం అరుగు. నాలుగు చోట్లా అవే ప్రశ్నలు. కాలువ చివరి చేలకి నీళ్ళెప్పుడు అందాయి? రోడ్డు ఎవరేశారు? చేలో పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డి వేలంపాట ఎవరు పాడుకున్నారు? నిలబడ్డ ఆసామి కిందటిసారి ఏం చేస్తానన్నాడు, ఏం చేశాడు? జవాబులు సిగరెట్టు పెట్టె అట్ట మీద పెన్సిలుతో రాసుకునేవాడు. ఒక సంగతి రెండుచోట్ల ఒకేలా వినబడితేనే పక్కన గీత పెట్టేవాడు. ఒక్కచోటే వినబడింది ఎంత రంజుగా ఉన్నా రాత్రి కథలోకి వచ్చేది కాదు. పక్కా కట్ట ఉందా లేదా చూడటానికి స్వయంగా కాలువ దాకా నడిచి వెళ్ళేవాడు.

ఆ పట్టుదలకి కారణం ఉంది. ఎన్నికల్లో వేరే పార్టీ వాళ్ళకీ ఒక దళం ఉంటుంది. ఇవాళ తప్పు చెబితే రేపు అదే ఊళ్ళో, అదే పందిట్లో, అదే బాణీలో వాళ్ళు దాన్ని విప్పి చూపిస్తారు. పైగా ఆ అభ్యర్థి బావమరిదీ పాలేరూ ఇద్దరూ ముందు వరసలోనే కూర్చుని ఉంటారు. వాళ్ళు నోరెత్తలేని మాట మాత్రమే చెప్పాలి.

*

కథ ప్రార్థనతో మొదలయ్యేది. ఆ తర్వాత మా వైపు దళాల్లో ఒక అలవాటు ఉండేది: ఆనాటి తారీఖుకి ఒక చరిత్ర మాట. రెండు నిమిషాలు మించదు. మే 7 అయితే అల్లూరి సీతారామరాజు 1924లో కొయ్యూరు దగ్గర నేలకొరిగిన రోజని చెప్పేవారు. ఆగస్టు 22 అయితే 1922లో చింతపల్లి పోలీసు ఠాణా మీద పడ్డ రోజు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలని కథకుడు వేళ్ళు మడుస్తుంటే గుమ్మెట మూడు దెబ్బలు పలికేది. జనవరి 24 వస్తే 1757 నాటి బొబ్బిలి. డిసెంబరు 15 అయితే 58 రోజుల నిరాహారదీక్షతో 1952లో మద్రాసులో పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన రోజు. అప్పుడు మాత్రం వాయిద్యం ఆపి చెప్పేవారు.

ఫిబ్రవరిలో అయితే పలనాటి కన్నెగంటి హనుమంతు. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు సర్కారు పుల్లరి కట్టమంటే కట్టనన్నాడు, 1922 ఫిబ్రవరిలో కాల్పుల్లో పోయాడు. ఆంధ్ర రాష్ట్రానికి 1955లో జరిగిన ఎన్నికలు ఫిబ్రవరిలోనే. గడ్డి మీద పన్ను సంగతి విన్న పల్లెల్లో బందెలదొడ్డి సంగతి ఎత్తితే వేరే వివరణ అక్కర్లేదు.

ఆ 1955 ఎన్నికల మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. అప్పటికి కాగితం మీద ముద్ర వెయ్యడం లేదు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. కాగితాన్ని కావలసిన పెట్టెలో వెయ్యడమే. అందుకని బుర్రకథలో అభ్యర్థి పేరు వినబడేది కాదు. "జోడెడ్లు", "కంకి కొడవలి" అనేవారు. విమర్శ కూడా గుర్తు మీద నడిచేది: ఎద్దుకి వేసిన మేత ఎంత, అది దున్నిన చేను ఎంత. ఆ ఎన్నికల్లో 196 స్థానాల్లో కాంగ్రెసు కూటమికి 146 వచ్చాయి, కమ్యూనిస్టులకి 15. పాట గెలిచిన చోట పెట్టె గెలవదని ఆ దళాల వాళ్ళకి ఆ ఏడాదే తెలిసింది. అయినా మర్నాటి నుంచి కథలు చెప్పడం మానలేదు.

*

ఒక రాత్రి కథ పలనాటి యుద్ధం. శ్రీనాథుడు దీన్ని మంజరీ ద్విపదలో రాశాడు. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ప్రాస తీసేస్తే మంజరి. ప్రాస పట్టు లేదు కనుక చెప్పేవాడు ఊపిరి ఎక్కడ కావాలంటే అక్కడ తీసుకోవచ్చు, నడక చెడదు. కథ చెప్పే గొంతుకి అంతకన్నా వెసులుబాటు ఏముంది! వీరం పొంగేచోట మోహన ఎత్తుకునేవారు. అయిదే స్వరాలు కనుక ఎంత వేగం పెంచినా తడబడదు, వెనక వంతలు తేలిగ్గా అందుకుంటారు. బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే చోట నాదనామక్రియ.

కథకుడు బ్రహ్మనాయుడి చాపకూడు దగ్గరికి వచ్చాడు. అన్ని కులాల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారని చెప్పి "తందాన తాన" అన్నాడు. కుడిపక్క వంత గుమ్మెట మూతి మూసి ముందుకొచ్చాడు.

"అన్నయ్యా, ఒక్క సందేహం."

"అడుగు తమ్ముడూ."

"నాయుడుగారు చాప పరిస్తే ఆ చివర నుంచి ఈ చివరకి పరిచారా, నడుమ చిరుగులున్నాయా?"

"నిండు చాపే తమ్ముడూ."

"మరి మన ఊరి రోడ్డు మీద గ్రావెలు ఆ చివర దాకా ఎందుకు పరుచుకోలేదన్నయ్యా?"

ఎడమపక్క నుంచి హాస్యం: "పరిచారన్నా! పొద్దున నా అరికాల్లో నాలుగు రాళ్ళు దొరికినయ్!"

"అరికాలు లెక్క వద్దులే, అంగుళం లెక్క చూద్దాం. మైలు రోడ్డు. ఎన్ని అడుగులు పంతులుగారూ?"

అరుగు మీద నుంచి బడిపంతులు: "5,280."

"వెడల్పు పది అడుగులు. మందం అర అడుగు అని కాగితంలో రాసుంది. ఎంతయింది?"

"26,400 ఘనపుటడుగులు."

"బండికి ఎన్ని పడతయ్?"

ఈసారి బండ్లవాళ్ళ వైపు నుంచి: "ఇరవై!"

"అంటే 1,320 బండ్లు రావాలి. ఎన్నొచ్చినయ్?"

"నాలుగొందలు!" అని ఊరంతా ఒక్క గొంతుతో అంది.

"మిగతా 920 బండ్లు ఏ బాటన పోయినట్టు అన్నయ్యా?"

జవాబు ఎవరూ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. గుమ్మెట మీద ఒకే ఒక్క దెబ్బ, మూతి మెల్లగా తెరుస్తూ. ఆ నాదం వంగి ఆగేలోపల కథకుడు కారెంపూడిలో ఉన్నాడు, నాగులేటి ఒడ్డున సేనలు దిగుతున్నాయి.

దొంగ అనలేదు. పేరెత్తలేదు. ఆ ఆసామి ఇంట్లో ఆడవాళ్ళ ఊసు, కులం ఊసు, ఒంటి తీరు ఊసు తేలేదు. లెక్కలో ప్రతి అంకె వినేవాళ్ళ నోటి నుంచే రాబట్టాడు. బావమరిది ఏమని కాదనగలడు? బండ్లు తోలినవాళ్ళు పక్కనే కూర్చున్నారు. ఒక అభ్యర్థిని విమర్శించడం అంటే ఇదని ఇప్పటికీ గట్టిగా అనిపిస్తుంది. తిట్టు తేలిక, అది మర్నాటికి ఆరిపోతుంది. 920 బండ్లు మాత్రం ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి సామెతలా నిలిచింది. ఎవరైనా లెక్క తేల్చకపోతే "అదిగో, 920లో కలిసింది" అనేవారు.

ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను నాలుగో క్లాజు అభ్యర్థి వ్యక్తిగత నడవడి మీద అబద్ధమని తెలిసీ ప్రచారం చెయ్యడాన్ని అవినీతి చర్యగా లెక్కిస్తుంది. ఆ వంతలు ఆ సెక్షను చదివి ఉండరు. రెండుచోట్ల విన్నదే చెప్పాలన్న వాళ్ళ సొంత కట్టుబాటు దానికన్నా గట్టిది.

*

రాజకీయం చెడిపోయే చోట్లు కొన్ని ఉండేవి. దుఃఖం ఘట్టంలో అడ్డుపడితే జనం ఊరుకోరు. బాలచంద్రుడి తల్లి ఏడుస్తుంటే పంచాయతీ గొడవేమిటని ముసలమ్మలే అరిచేవారు. అందుకని అది ఎప్పుడూ విందు దగ్గరో, సభ దగ్గరో, ప్రయాణం దగ్గరో రావాలి. మూడు నిమిషాలు దాటితే కథకుడి గొంతు చల్లారుతుంది, తిరిగి ఎత్తుకునేటప్పుడు శృతి దిగుతుంది. తాళం విడిచిపెట్టి ఉపన్యాసంలోకి జారిన వంతని కథకుడు అందెలు గట్టిగా కొట్టి వెనక్కి లాగేవాడు. అది వాళ్ళలో వాళ్ళకి తెలిసిన సైగ. హాస్యం చెప్పే ఆయన మరీ తొందరపడి ముందే నవ్వించేస్తే లెక్క గాలికిపోతుంది. నవ్వు నడుమనే రావాలి, ఆఖరి ప్రశ్న తర్వాత రాకూడదు.

పొరపాటు జరిగిన రాత్రులూ ఉన్నాయి. ఒక ఊళ్ళో తూము మూసింది ఫలానా ఆసామి అని చెప్పారు. తీరా అది కాలువ నీళ్ళు చూసే లస్కరు మూసిన తూము. మర్నాడు పొద్దున్నే ఆ కుడిపక్క వంత తిరిగి వెళ్ళి, అదే రామాలయం అరుగు మీద నిలబడి, గుమ్మెట లేకుండా తప్పు ఒప్పుకున్నాడు. ఆ ఊరివాళ్ళు మళ్ళీ కథ పెట్టించుకున్నారు.

*

1996లో అదే ప్రజాప్రాతినిధ్య చట్టం మారాక నామినేషన్ల ఉపసంహరణకీ పోలింగుకీ నడుమ ఉండాల్సిన వ్యవధి 20 రోజుల నుంచి 14 రోజులకి తగ్గింది. పూట ప్రయాణం, మధ్యాహ్నం విచారణ, రాత్రి కథ అనే పద్ధతికి ఆ రోజులు చాలవు. అదే సవరణతో 126వ సెక్షనులో పోలింగు ముగిసే ముందు 48 గంటలు సంగీత కచేరీలు, నాటకాలతో ప్రచారం చెయ్యకూడదని స్పష్టంగా చేరింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలతో రాత్రి పదింటికి మైకు ఆగిపోవాలి. బుర్రకథ మొదలయ్యేదే ఆ వేళకి, పొలం నుంచి వచ్చి అన్నాలు తిన్నాక. ఇవన్నీ తప్పుడు నిబంధనలని అనడం లేదు. నిద్రపోయే పిల్లలూ పరీక్షలకి చదివే పిల్లలూ ఉన్నారు. కానీ ఆటోకి కట్టిన పెట్టెలోంచి వచ్చే రికార్డు పాటకి పంతులుగారిని ప్రశ్న అడగడం రాదు, బండ్లవాళ్ళ జవాబు వినడం రాదు. ఏ ఊరు వెళ్ళినా అదే పాట, అదే తిట్టు. ఆ ఊరి రోడ్డు పొడవు దానికి తెలియదు. ఆ దిగులు మాత్రం తీరడం లేదు.

*

మంగళం పాడేసరికి రెండు దాటేది. పళ్ళెం తిరిగేది. నాలుగణాలు వేసినవాళ్ళ పేరూ, శేరు బియ్యం పోసినవాళ్ళ పేరూ ఒకే గొంతుతో చదివేవారు. ఒకోసారి ఆ అభ్యర్థి మనిషి కూడా రూపాయి వేసేవాడు. ఆ పేరూ చదివేవారు, భళా అనేవారు.

పిల్లలు పందిరి కిందే నిద్రపోయేవారు. లైటు గాలి వదిలితే "ఫుస్" మని ఆరేది, గాజు చల్లారేదాకా చిటపటలాడేది. గజ్జెలు విప్పి గుడ్డలో చుట్టేవారు. తంబుర తీగ వదులు చేసేవారు. తోలు మీద మంచు పడకుండా గుమ్మెటల్ని బోర్లించి పైన గోనెసంచి కప్పేవారు. ఆ చీకట్లోనే కుడిపక్క వంత బండి తోలేవాడి పక్కన చేరి, చుట్ట వెలిగించుకుంటూ, రేపు దిగబోయే ఊళ్ళో కాలువ ఏ వైపు నుంచి వస్తుందో, చివరి చేలు ఎవరివో మెల్లగా అడుగుతుండేవాడు.